క్రాకోవ్ చూసి రావడం, కొని తేవడం: మన డెల్టా నుంచి వెళ్లేవారికి

మా అమ్మాయి పోలండ్ దేశంలోని క్రాకోవ్‌లో పైచదువు చదివిన రెండేళ్లలో నేను, మావారు రెండుసార్లు ఆ ఊరు వెళ్లి వచ్చాము. మొదటిసారి జూన్‌లో, రెండోసారి డిసెంబరులో. అప్పటి నుంచి నరసాపురంలోనూ పాలకొల్లులోనూ పిల్లలను పోలండ్ పంపిన తల్లులు "పిన్నీ, అక్కడ ఏం చూడాలి, ఏం కొనుక్కురావాలి?" అని అడుగుతూనే ఉన్నారు. ప్రతిసారీ గుర్తు తెచ్చుకుని చెప్పడం కంటే ఒకచోట వరుసగా రాసి ఉంచడం మేలనిపించి ఇది రాస్తున్నాను. మాది మూడు తరాలుగా లేసు అల్లించి ఎగుమతి చేసే ఇల్లు కనుక ఎక్కడికి వెళ్లినా నా కన్ను ముందు చేతిపని మీదకే పోతుంది. అందుచేత నేను చెప్పే ప్రయాణ పద్ధతి కూడా ఆ చూపుకు తగినట్టే ఉంటుంది: మొదటి రోజు ఏమీ కొనకండి. ఆ ఊళ్లో మంచి పని ఎలా ఉంటుందో మ్యూజియంలలోనూ చర్చిలలోనూ కళ్లారా చూడండి. కన్ను అలవాటు పడ్డాక చివరి రెండు రోజుల్లో కొనండి.

హైదరాబాదు నుంచి క్రాకోవ్‌కు నేరుగా విమానం లేదు. దారిలో ఏదో ఒక పెద్ద విమానాశ్రయంలో మారి వెళ్లాలి, లేదా రాజధాని వార్సాలో దిగి అక్కడి నుంచి రైలెక్కాలి. వార్సా నుంచి వేగంగా వెళ్లే రైలుకు సుమారు రెండున్నర గంటలు పడుతుంది. క్రాకోవ్ విమానాశ్రయం ఊరికి పడమర దిక్కున బాలిత్సె అనే చోట ఉంది, అక్కడి నుంచి నగరంలోని ప్రధాన రైల్వే స్టేషనుకు రైలు నడుస్తుంది కనుక టాక్సీ అవసరం పడదు. కాలం విషయంలో మాత్రం మన డెల్టావాళ్లు జాగ్రత్తగా ఆలోచించుకోవాలి. జూన్‌లో రాత్రి తొమ్మిది వరకు వెలుతురు ఉంటుంది, ఎంత తిరిగినా పొద్దు పోదు. డిసెంబరులో నాలుగు కాకముందే సూర్యాస్తమయం అయిపోతుంది. మనం మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చి లేచేసరికి బయట చీకటిగా ఉంటుంది. చలికాలంలో వెళ్లేవారు చూడవలసినవన్నీ ఉదయం తొమ్మిది నుంచి మూడు లోపల పెట్టుకోవాలి, కొనుగోళ్లను సాయంత్రానికి వదిలేయాలి. చీర కట్టుకునేవారు లోపల ఉన్ని లెగ్గింగులు, కాళ్లకు చీలమండ దాకా వచ్చే బూట్లు వేసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. పాత ఊరి వీధులన్నీ రాళ్లు పరిచినవి. చెప్పులతో నడిస్తే జూన్‌లో కూడా సాయంత్రానికి పాదాలు వాచిపోతాయి.

మొదటి రోజు: చౌకు చుట్టూ నడక

ఊరి నడుమ రీనెక్ గ్వూవ్నీ అనే పెద్ద చౌకు ఉంది. 1257లో పట్టణానికి కొత్త హక్కులు ఇచ్చి, వీధులను గీతలు గీసినట్టు తీర్చినప్పుడు ఏర్పడిన చౌకు ఇది. ఒక్కో వైపు దాదాపు 200 మీటర్లు ఉంటుంది. యూరప్‌లోని మధ్యయుగపు చౌకులలో అతి పెద్ద వాటిలో ఇది ఒకటి. దీన్ని గుడి ముందు మైదానంలా అనుకుంటే పొరపాటు. ఇది మొదటి నుంచీ సంత. గుడ్డ, ఉప్పు, సీసం, రాగి ఇక్కడ చేతులు మారేవి. చౌకు కింద తవ్వి 2010లో తెరిచిన భూగర్భ మ్యూజియంలో ఆనాటి బళ్ల బాటలు, దుకాణాల పునాదులు, దాదాపు 700 కిలోల బరువున్న సీసపు ముద్ద ఒకటి చూడవచ్చు. కాబట్టి ఈ ఊళ్లో చూడడం వేరు, కొనడం వేరు కాదు. ఎనిమిది వందల ఏళ్లుగా రెండూ ఒకే చోట జరుగుతున్నాయి.

చౌకుకు ఒక మూలన సెయింట్ మేరీ చర్చి ఉంది. దాని రెండు గోపురాలు ఒకే ఎత్తు కావు, పొడవైనది 81 మీటర్లు, పొట్టిది 69. పొడవైన గోపురం మీది నుంచి రాత్రీ పగలూ గంటగంటకూ ఒకరు బూర ఊదుతారు. అదే పాటను నాలుగు దిక్కులకూ తిరిగి నాలుగుసార్లు వినిపిస్తారు. దానిని హెయ్‌నావ్ అంటారు. ఆ పాట ప్రతిసారీ మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. 1241లో తాతార్లు, అంటే మంగోలు సేనలు, దాడికి వచ్చినప్పుడు హెచ్చరికగా ఊదుతున్న కావలివాడి గొంతులో బాణం దిగిందని, అందుకే పాట అక్కడ ఆగుతుందని ఊరివారు కథ చెప్పుకుంటారు. గంట కొట్టాక తలెత్తి చూస్తే బూర ఊదిన మనిషి చిన్న కిటికీలోంచి చేయి ఊపడం కనిపిస్తుంది. కింద నిలబడినవారు కూడా చేయి ఊపుతారు. మీరూ ఊపండి.

చర్చి లోపలికి పదకొండున్నరకల్లా వెళ్లి కూర్చోండి. పర్యాటకుల ద్వారం పక్కనుంటుంది, ప్రధాన ద్వారం ప్రార్థనకు వచ్చేవారిది. వీత్ స్త్వోష్ అనే శిల్పి 1477 నుంచి 1489 వరకు పన్నెండేళ్లు చెక్కిన చెక్క బలిపీఠం రెక్కలను పన్నెండు కావడానికి పది నిమిషాల ముందు తెరుస్తారు. అది దాదాపు 13 మీటర్ల ఎత్తున్నది. మధ్యలోని బొమ్మలు మనిషి కంటే పెద్దవి, అన్నీ లిండెన్ అనే మెత్తని చెక్కతో చేసినవి. యుద్ధకాలంలో నాజీలు విప్పి జర్మనీకి తీసుకుపోతే 1946లో తిరిగి తెచ్చుకున్నారు. నేను ముందు వరుసకు వెళ్లి ఆ బొమ్మల్లోని ముసలి అపొస్తలుల, అంటే ఏసు శిష్యుల, చేతులు చూశాను. పైకి తేలిన నరాలు, వంకర తిరిగిన వేలి కణుపులు, అరిగిన గోళ్లు కనిపించాయి. పని చేసి చేసి అలసిన చేతులను అంత గౌరవంగా చెక్కినవాణ్ణి నేను మరెక్కడా చూడలేదు. మా ఇంటికి అరవై ఏళ్లుగా లేసు అల్లి ఇచ్చిన ముసలమ్మల చేతులు అచ్చం అలాగే ఉండేవి. ఒక్క బలిపీఠం దగ్గరే అరగంట కూర్చోండి, ఆ ఊళ్లో మరొకటి చూడకపోయినా నష్టం లేదు.

మధ్యాహ్నం ఫ్లోరియాన్‌స్కా వీధి వెంట నడిచి ఫ్లోరియన్ ద్వారం చేరండి. పాత కోట గోడలో ఇప్పటికి మిగిలిన ముఖ్యమైన ద్వారం అదే. ఆ గోడకు ఆనుకుని చిత్రకారులు తమ బొమ్మలు వేలాడదీసి అమ్ముతారు. దాని ముందే 15వ శతాబ్ది చివర కట్టిన గుండ్రటి బార్బికన్, అంటే ద్వారానికి కాపలా బురుజు, ఉంది. మిగిలిన గోడలను పడగొట్టిన చోట ప్లాంతి అనే తోటను పాత ఊరి చుట్టూ వడ్డాణంలా పెంచారు. సాయంత్రం అందులో నడుస్తూ బస చేరుకోవచ్చు. ఆ దగ్గర్లోనే చర్తోరిస్కి మ్యూజియంలో లియొనార్డో డావిన్సీ వేసిన, తెల్లని ఎర్మిన్ జంతువును చేతిలో పట్టుకున్న యువతి చిత్రం ఉంది. అక్రోట్ చెక్క పలక మీద వేసిన ఆ చిత్రం చిన్నదే అయినా దాని ముందు జనం ఎప్పుడూ ఉంటారు కనుక టికెట్టు ముందుగా తీసుకోవాలి. చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు లేదా తక్కువ వేళలు ఉంటాయి. ప్రణాళిక వేసుకునేటప్పుడు సోమవారాన్ని నడకకు వదిలేయండి.

వావెల్ కొండ

విస్వా నది ఒడ్డున ఉన్న వావెల్ కొండ మీద రాజుల కోట, వారికి పట్టాభిషేకాలు జరిగిన, వారి సమాధులు ఉన్న కేథడ్రల్ (ప్రధాన చర్చి) ఉన్నాయి. కోటలో ఒక్కో విభాగానికి ఒక్కో టికెట్టు, ఒక్కో వేళ ఉంటుంది, రోజుకు ఇన్ని అని లెక్క కూడా ఉంటుంది. అక్కడికి వెళ్లి వరుసలో నిలబడితే దొరుకుతాయన్న ధీమాతో వెళ్లకండి. అన్నీ చూడాలనీ పెట్టుకోకండి. ఒక్కటే ఎంచుకోమంటే నేను రాజ మందిరాల్లోని నేత తెరలు చూడమంటాను. 16వ శతాబ్దంలో జిగ్మున్త్ ఆగస్త్ రాజు బ్రసెల్స్‌లో నేయించిన ఈ తెరలలో ఉన్ని, పట్టు, బంగారు జరీ, వెండి జరీ కలిసి ఉంటాయి. నూట ముప్పైకి పైగా నేటికీ మిగిలాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే వాటిని చుట్టి ఓడలో కెనడాకు పంపించి దాచారు. మొత్తం తిరిగి వచ్చేసరికి 1961 అయింది. తెరకు ఎంత దగ్గరగా వెళ్లనిస్తే అంత దగ్గరగా వెళ్లి, ఒక ఆకు అంచున ఆకుపచ్చ దారం పసుపులోకి ఎలా మారిందో చూడండి. నీడ కావాలంటే రంగు పూయలేదు, వేరే రంగు దారం కలిపారు. దీన్ని చూశాక కింద దుకాణాల్లో అచ్చు వేసిన గుడ్డను నేత అని చెప్పి చూపిస్తే మీ చేయి దాని మీదకు పోదు.

కేథడ్రల్ గోపురంలో 1520లో పోతపోసిన జిగ్మున్త్ గంట ఉంది. చెక్క మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కవద్దు. కేథడ్రల్ లోపల ఫోటోలు తీయనివ్వరు, ఆదివారం ఉదయం ప్రార్థనల వేళ పర్యాటకులను అనుమతించరు. కొండ దిగువన నది గట్టు మీద కంచు డ్రాగన్ బొమ్మ కొద్ది నిమిషాలకొకసారి నోట్లోంచి నిజమైన మంట కక్కుతుంది. గొర్రె తోలులో గంధకం కుక్కి దానికి తినిపించి చంపిన చెప్పులు కుట్టేవాడి కథ మనుమలకు చెప్పుకోవడానికి బాగుంటుంది. ఆ గట్టు మీద కూర్చుని నదిని చూస్తుంటే నాకు మా ఊరి వశిష్ఠ గోదావరి గుర్తుకు వచ్చింది. అయితే విస్వా మన పాయలో సగం వెడల్పు కూడా ఉండదు.

సుకియెన్నిట్సెలో కొనడం

రెండో రోజో మూడో రోజో చౌకు మధ్యలోని సుకియెన్నిట్సెకు రండి. పేరుకు అర్థం గుడ్డల బజారు. 1555లో అగ్నిప్రమాదం జరిగాక ఇప్పుడున్న రూపంలో కట్టారు. వంద మీటర్లకు పైగా పొడవున్న ఒకే నడవ, రెండు వైపులా చెక్క అంగళ్లు, గోడల పైన పట్టణాల చిహ్నాలు ఉంటాయి. అడ్డంగా ఉన్న దారిలో గోడకు ఒక ఇనుప కత్తి వేలాడుతుంది. సెయింట్ మేరీ గోపురాలు కట్టిన అన్నదమ్ముల్లో అన్న అసూయతో తమ్ముణ్ణి పొడిచి, పశ్చాత్తాపంతో తననూ పొడుచుకున్న కత్తి అదేనని చెబుతారు. పై అంతస్తులో 19వ శతాబ్దపు పోలండ్ చిత్రాల గ్యాలరీ ఉంది. కొనుగోలుకు ముందు ఒక గంట అక్కడ గడపండి.

ఇక లేసు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మనకు తెలిసిన పని ఇది. నరసాపురం లేసును 1844లో స్కాట్లాండు మిషనరీ దంపతులు మన ఆడవాళ్లకు నేర్పారని చెబుతారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోలండ్ దక్షిణాన బెస్కిడ్ కొండల్లోని కొనియాకూఫ్ అనే పల్లెలో కూడా ఆడవాళ్లు ఇదే రకం సూదితో, అంటే కొక్కెం సూదితో, నూలు దారం అల్లుతారు. మన దగ్గర ఒకరు పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లితే దాన్ని చేతిపని అంటాము, వాటిని కలిపి పెద్ద గుడ్డగా చేస్తే అతుకుపని అంటాము. కొనియాకూఫ్‌లోనూ పువ్వులు విడిగా అల్లి వల వంటి అల్లికతో కలుపుతారు. నేను ఆ లేసు పట్టుకున్న మొదటి క్షణంలోనే ఆ సంగతి వేళ్లకు తెలిసింది. వేరే దేశంలో, వేరే చలిలో, మన వదినలూ అత్తలూ చేసే పనినే మరొకరు చేస్తున్నారన్నది నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

అయితే అంగడిలో లేసు అని పెట్టినదంతా చేతి అల్లిక కాదు. చూసే పద్ధతి ఇది. ముందు గుడ్డను తిప్పి వెనకవైపు చూడండి. చేతి అల్లికలో దారం కొసలను అల్లికలోకే దోపి ముడి కనపడకుండా చేస్తారు. ఎంత బాగా చేసినా ఎక్కడో ఒకచోట దారం కొంచెం లావుగా తగులుతుంది. యంత్రం పనిలో కొసలు కత్తిరించినట్టు ఉండి చిన్న నూగు కనిపిస్తుంది. తరువాత ఒకే రకం పువ్వులు రెండు పక్కపక్కన పెట్టి చూడండి. చేతితో అల్లినవి ఒకే కొలతలో ఉన్నా వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది, యంత్రానివి అచ్చు గుద్దినట్టు ఉంటాయి. గంజి ఎక్కువ పెట్టి అట్టముక్కలా చేసిన దాన్ని నమ్మకండి. గంజి కింద వదులు అల్లిక దాగుతుంది. "రెంచ్నా రొబోతా?" అంటే చేతిపనేనా అని అడిగినట్టు. నిజంగా చేతిపని అమ్మేవారు ఎవరు అల్లారో, ఏ పల్లెలో అల్లారో కూడా చెబుతారు. ధర ఎక్కువగా ఉంటుంది. ఒక చిన్న గుండ్రటి గుడ్డకు ఎన్ని గంటలు కూర్చోవాలో తెలిసినవాళ్లం కనుక మనం అక్కడ బేరమాడకూడదు. ఆ అంగళ్లలో బేరం పద్ధతీ కాదు.

నగల్లో వాడే అంబరు అనే గట్టిపడిన చెట్ల బంక విషయంలో నేను మోసపోయాను. మొదటిసారి వెళ్లినప్పుడు, దిగిన రోజే, చౌకు దగ్గరి ఒక దుకాణంలో మా వదినకు అంబరు పూసల దండ కొన్నాను. అందంగా తేనె రంగులో మెరుస్తుంటే ఇంకేమీ ఆలోచించలేదు. ఇంటికి వచ్చాక వంటింట్లో ఒక గాజు గ్లాసు నీటిలో మూడు పెద్ద చెంచాల ఉప్పు కరిగించి, దండ తెగి విడిగా పడిన ఒక పూస వేశాను. అది రాయిలా అడుగుకు చేరింది. అంబరు కోట్ల ఏళ్ల నాటి చెట్ల బంక గట్టిపడి ఏర్పడినది, మంచినీటిలో మునిగినా గాఢమైన ఉప్పునీటిలో తేలుతుంది. గాజు, చాలా రకాల ప్లాస్టిక్కులు మునుగుతాయి. పాలిస్టైరీన్ వంటి కొన్ని ప్లాస్టిక్కులు తేలుతాయి కనుక ఈ పరీక్ష ఒక్కటే చాలదు, లోహం బిగించిన నగకు ఇది పనికిరాదు కూడా. చేతితో పట్టుకుంటే అంబరు వెచ్చగా, ఎంతో తేలికగా ఉంటుంది. గాజు చల్లగా తగులుతుంది. ఉన్ని గుడ్డతో గట్టిగా రుద్దితే చిన్న కాగితం ముక్కను లాగుతుంది, కానీ ప్లాస్టిక్ కూడా లాగగలదు. రెండోసారి వెళ్లినప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, వెండి మీద ముద్ర ఉన్న నగను, రాతి రకం రాసిన ధ్రువపత్రం ఇచ్చే దుకాణంలో, బిల్లు తీసుకుని కొన్నాను. చిన్న పురుగు చిక్కుకున్న అంబరు అని ఎక్కువ ధర చెబితే మాత్రం తెలిసినవారు పక్కన లేకుండా కొనవద్దు.

పింగాణీ వంటి బొలెస్వావియెట్స్ పాత్రలు ఇంటికి తెచ్చుకోవడానికి మంచివి. నీలం రంగులో నెమలికన్ను వంటి చుక్కలు, పువ్వులు స్పాంజి ముక్కతో ఒక్కొక్కటిగా చేత్తో అచ్చు వేస్తారు. గట్టి మట్టిని బాగా ఎక్కువ వేడిలో కాలుస్తారు కనుక మన కూరలు, పులుసులు వడ్డించినా మరకపట్టదు. అడుగున ముద్ర చూడండి, అంచు వెంట వేలు తిప్పి పగులు లేదని నిర్ధారించుకోండి. బరువు ఎక్కువ. ఆరు కప్పులు అనుకున్నవారు నాలుగుతో ఆగండి. ప్రతి గిన్నెనూ పాత నూలు చీరలో విడిగా చుట్టి పెట్టె మధ్యలో ఉంచండి. గిన్నెలో గిన్నె పెట్టేటప్పుడు మధ్యలో గుడ్డ తప్పనిసరి.

డిసెంబరులో వెళ్లేవారు మొదటి గురువారం ఉదయం చౌకులోని కవి మిత్స్‌కియెవిచ్ విగ్రహం దగ్గరకు వెళ్లండి. షోప్కా అనే క్రీస్తు జనన బొమ్మల పోటీ అక్కడ జరుగుతుంది. 1937లో మొదలైన ఈ పోటీకి ఇంట్లో చేసిన బొమ్మలను తెచ్చి మెట్ల మీద వరుసగా పెడతారు. అట్ట, సన్న చెక్క, మెరుపు కాగితంతో సెయింట్ మేరీ గోపురాలు, వావెల్ గుమ్మటాలు కలిపి కట్టిన మేడలివి. 2018లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరాయి. చిన్నది ఒకటి కొంటే సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు. మా ఇంట్లో రెండేళ్లుగా కొండపల్లి ఏనుగు అంబారీ పక్కనే ఉంటోంది.

సంతలు, ఆదివారం, డబ్బు

కూరగాయలకు, పళ్లకు పాత ఊరి ఉత్తరాన స్తారీ క్లెపాష్ సంతకు వెళ్లండి. మన పాలకొల్లు సంత ఎంత సందడిగా ఉంటుందో అది అంత నెమ్మదిగా ఉంటుంది. ఎండు పుట్టగొడుగులు, తేనె, ఉప్పులో ఊరిన దోసకాయలు, జూన్‌లో స్ట్రాబెర్రీలు దొరుకుతాయి. ఆదివారం పెద్ద దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి, ఏడాదికి కొద్ది ఆదివారాలు మాత్రమే మినహాయింపు. యజమాని స్వయంగా కూర్చునే చిన్న కొట్లు, హోటళ్లు, మ్యూజియంలు తెరుస్తారు. ఇది తెలియక మేము మొదటి ఆదివారం బియ్యం లేక బ్రెడ్‌తో సరిపెట్టుకున్నాము. శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోండి. ఆదివారం ఉదయం హలా తర్గోవా దగ్గర పాత వస్తువుల సంత జరుగుతుంది. పాత కప్పులు, నాణేలు, పుస్తకాలు, ఇత్తడి సామాను కుప్పలుగా పోస్తారు. తెల్లవారే వెళితే మంచివి దొరుకుతాయి. నిజంగా పాతకాలపు విలువైన వస్తువును దేశం దాటించడానికి అనుమతి కావలసి రావచ్చు కనుక, కొనేముందే అమ్మేవారి దగ్గర కాగితం అడగండి.

పోలండ్‌లో యూరో చెల్లదు, అక్కడి డబ్బు జ్లోటీ. యూరోలు తీసుకువెళితే కాంతోర్ అని రాసి ఉన్న మార్పిడి కొట్లలో మార్చుకోవచ్చు. బోర్డు మీద రెండు వరుసలు ఉంటాయి. మీ యూరోకు వచ్చే ధర "కుప్నో" అన్న వరుసలోది. రెండో వరుస, అంటే వాళ్లు యూరోలు అమ్మే ధర, మాత్రమే పెద్దగా చూపించే కొట్టు దగ్గర ఆగవద్దు, విమానాశ్రయంలో ఎక్కువ మార్చవద్దు. ఏటీఎమ్‌లో కానీ దుకాణం యంత్రంలో కానీ "రూపాయల్లోనా, జ్లోటీల్లోనా" అని అడిగితే జ్లోటీలనే ఎంచుకోండి. ట్రాము టికెట్టు కాగితం కొంటే, ఎక్కగానే లోపలి యంత్రంలో ముద్ర వేయించాలి. లేకపోతే టికెట్టు చేతిలో ఉన్నా జరిమానా పడుతుంది. హోటల్లో బిల్లుకు నోటు ఇస్తూ "జెంకుయె" (కృతజ్ఞతలు) అని చెబితే, చిల్లర మీరే ఉంచుకోండి అన్నట్టు అర్థం చేసుకుంటారు. చిల్లర చేతికి వచ్చాక చెప్పండి. ఏ కొట్లోకి అడుగుపెట్టినా ముందు "జెయిన్ దోబ్రీ" అని నమస్కారం చెప్పడం అక్కడి మర్యాద.

తిండికి భయపడనవసరం లేదు. వీధి చివర గాజు బండ్లలో ఒబ్వజానెక్ అనే వలయాకారపు రొట్టె అమ్ముతారు, గసగసాలో నువ్వులో ఉప్పో అద్దినవి ఉంటాయి. మా వారికి నువ్వులవి నచ్చాయి. మాంసం తినని వారికి బంగాళాదుంప, పన్నీరు పెట్టిన "పియెరోగి రుస్కియె" సరిపోతాయి. మన కజ్జికాయ ఆకారమే, ఉడికించినది. పైన పంది కొవ్వు ముక్కలు చల్లడం అలవాటు కనుక "బెజ్ మియెన్సా", అంటే మాంసం వద్దు, అని ముందే చెప్పాలి. బార్ మ్లెచ్నీ అనే చౌక భోజనశాలల్లో ఇవి తక్కువ ధరకు దొరుకుతాయి.

ఊరి బయట, నది అవతల

కజిమియెష్ పేటకు ఒక పూట కేటాయించండి. 1335లో కజిమియెష్ రాజు వేరే పట్టణంగా స్థాపించిన ఈ పేట శతాబ్దాలపాటు యూదుల నివాసం. పాత సినగోగులు (యూదుల ప్రార్థనా మందిరాలు), రెముహ్ శ్మశానం ఉన్నాయి. అక్కడి నుంచి వంతెన దాటి పొద్గుజె వైపు వెళితే ఘెట్టో (నాజీలు యూదులను బంధించి ఉంచిన పేట) వీరుల చౌకులో ఖాళీ ఇనుప కుర్చీలు వరుసగా నిలిపి ఉంటాయి. ఘెట్టోను ఖాళీ చేయించినప్పుడు బయట పడేసిన ఇళ్ల సామానుకు గుర్తుగా పెట్టినవి. తన దగ్గర పనిచేసిన యూదులను కాపాడిన షిండ్లర్ ఫ్యాక్టరీలోని మ్యూజియం అక్కడికి దగ్గరే, టికెట్టు ముందుగా తీసుకోవాలి. ఆష్విట్జ్ బిర్కెనౌకు క్రాకోవ్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. నాజీలు పదకొండు లక్షల మంది ప్రాణాలు తీసిన నిర్బంధ శిబిరం అది. పేరుతో ముందుగా నమోదు చేసుకుని, పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని, చిన్న సంచీతో మాత్రమే వెళ్లండి. ఆ రోజు మరే కార్యక్రమమూ, కొనుగోలూ పెట్టుకోవద్దు. అక్కడి నుంచి వచ్చాక మాకు ఆ రాత్రి మాట రాలేదు.

వియెలిచ్కా ఉప్పు గనికి ప్రధాన స్టేషను నుంచి రైలుంది. మన తీరంలో ఉప్పంటే మళ్లలో సముద్రపు నీరు ఎండితే వచ్చేది, అక్కడ అది భూమిలోపలి బూడిదరంగు రాయి. పర్యాటకులను 135 మీటర్ల లోతు వరకు తీసుకువెళతారు. మొత్తం 800 మెట్లు, అందులో మొదటి 380 చెక్క మెట్లు ఏకబిగిన దిగాలి. పైకి మాత్రం లిఫ్టు ఉంటుంది. లోపల వేసవిలోనూ 17, 18 డిగ్రీలే కనుక శాలువా ఉంచుకోండి. కింద గని కార్మికులే చెక్కిన సెయింట్ కింగా చర్చిలో నేల, గోడ, బొమ్మలు, దీపాల స్ఫటికాలు అన్నీ ఉప్పే. గని పనివాళ్లు తమ పని ముగించుకున్నాక ఉలి పట్టి చెక్కినవి అవి.

బయలుదేరేముందు, వచ్చాక

ఒకే దుకాణంలో 200 జ్లోటీలకు మించి కొంటే, యూరోపియన్ యూనియన్ బయట నివసించే వారికి పన్నులో కొంత తిరిగి వస్తుంది. కొనేటప్పుడే పాస్‌పోర్టు చూపి ట్యాక్స్‌ఫ్రీ పత్రం అడగాలి. అక్కడ నివాస అనుమతి ఉన్న మీ అబ్బాయి పేరున కాకుండా మీ పేరున తీసుకోండి. వస్తువులు వాడకుండా ఉంచి, విమానాశ్రయంలో పెద్ద పెట్టె అప్పగించకముందే కస్టమ్స్ కౌంటరులో చూపించాలి. పెట్టె వెళ్లిపోయాక పత్రం చెల్లదు. లేసు, అంబరు చేతి సంచీలో పెట్టుకోండి. క్రూఫ్కి అనే పాలకోవా వంటి మెత్తని మిఠాయిలు చుట్టాలందరికీ పంచడానికి చవకైన, తేలికైన బహుమతి. చాక్లెట్లు మన ఎండకు కరిగిపోతాయి, వేసవిలో తేవద్దు.

చివరిగా మన వాతావరణం మాట. వియెలిచ్కాలో కొన్న ఉప్పు దీపం మా ఇంట్లో మొదటి వానాకాలంలోనే చెమట పట్టి, బల్ల మీద నీటి మడుగు కట్టి, కింది తీగ తుప్పు పట్టింది. జూన్ నుంచి డిసెంబరు వరకు దాన్ని గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచీలో, గుప్పెడు బియ్యం వేసి, అలమరలో పెట్టండి. గొర్రె తోలు చెప్పులు బూజు పడతాయి, వారానికోసారి నీడలో గాలికి ఆరబెట్టండి. అంబరుకు ఎండ, సెంటు, కర్పూరం మూడూ పడవు కనుక దండను పూజగది అలమరలో కాకుండా వేరే మెత్తని గుడ్డలో చుట్టి ఉంచండి. లేసును మడత పెట్టకుండా నీలం కాగితంలో చుట్టండి. గంజి పెట్టి దాచితే బొద్దింకలు కొరుకుతాయి, అందుకే గంజి తీసేసి, పూర్తిగా ఆరాకే పెట్టెలో పెట్టాలి.